ఖిడ్కీ ఉన్న కమరా

నాకు ఓడకు మూడు పేర్లు తెలుసు. ఇంట్లో, ఉర్దూ మీడియం బడిలో అది జహాజ్. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక నౌక అయింది. పేపర్లో చేరి డెస్కు మీద కూర్చున్నాక ఓడ అని రాయడం మొదలుపెట్టాను. పేర్లు మూడూ వచ్చు గానీ నలభై దాటినా ఒక్కదాన్నీ ఎక్కింది లేదు. కర్నూలోడికి జహాజ్‌తో ఏం పని? సమందర్ చూడాలంటే మేం ఒక రాత్రంతా ప్రయాణం చేయాలి.

పెద్దమ్మాయి ఇంటర్ పరీక్షలు అయిపోయాక వచ్చిన ఈద్‌కు కడపలో మా ససురాల్‌లో ఉన్నాం. షీర్ ఖుర్మా తాగుతూ, "అబ్బా, ఈసారి ఊటీ వద్దు, క్రూజ్ పోదాం" అంది. తమ్ముడు అప్పటికే ఫోన్‌లో వీడియోలు పెట్టి రెడీగా ఉన్నాడు. ఇద్దరూ ముందే మష్వరా చేసుకున్నారని అర్థమైంది. సరే చూద్దాం అన్నాను. మా ఇంట్లో చూద్దాం అంటే కాదు అని. ఈసారి మాత్రం నిజంగానే చూడ్డం మొదలుపెట్టాను.

మొదట పిల్లలు చూపించింది సింగపూర్ నుంచి బయల్దేరేవి. రిసార్ట్స్ వరల్డ్ వాళ్ళ జెంటింగ్ డ్రీమ్ ఒకటి, రాయల్ కరీబియన్ వాళ్ళవి కొన్ని. జెంటింగ్ డ్రీమ్ దాదాపు లక్షన్నర టన్నుల జహాజ్. దానికి ఓఐసీ ప్రమాణాల ప్రకారం హలాల్ ఫ్రెండ్లీ సర్టిఫికెట్ కూడా ఉంది. అది చదవగానే మా ఆవిడ మొహం వెలిగిపోయింది. కానీ సింగపూర్ వరకు విమానం, ఆరుగురికి వీసాలు, ఎక్కే ముందు రోజు హోటల్... టికెట్ చవకే, టికెట్ దాకా చేరడమే మహంగా.

రెండోది మన దేశంలోనే తిరిగే కార్డీలియా. నైరుతి రుతుపవనాల కాలంలో ముంబై వైపు సమందర్ మరీ గరంగా ఉంటుంది కాబట్టి జహాజ్‌ను ఇటు చెన్నైకి తెస్తారు. చెన్నై, విశాఖ, పుదుచ్చేరి అంటూ తిప్పుతారు. మన దేశపు రేవుల మధ్యే తిరిగే ట్రిప్పుకు పాస్‌పోర్టు అక్కర్లేదు. ఆ ఎంప్రెస్ అనే జహాజ్ 1990లో నార్డిక్ ఎంప్రెస్ పేరుతో నీళ్ళలోకి దిగింది. అప్పుడు నేను కర్నూల్లో చిన్న జమాత్‌లో తఖ్తీ దిద్దుతున్నాను. సింగపూర్ దానిలో మూడో వంతు ఉంటుంది. పిల్లలు పెదవి విరిచారు. ఇక కోస్టా వాళ్ళ సెరెనా 2023 నవంబర్లో ముంబై, కొచ్చిన్, లక్షద్వీప్ తిరగడానికి వచ్చింది గానీ ఆ సీజన్‌తోనే వెళ్ళిపోయింది.

మూడోది నేనే పెట్టాను. నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలం లాంచీ. సోమశిల నుంచి కూడా ఉంది. మన కృష్ణ, మన నల్లమల, పొద్దున ఎక్కితే సాయంత్రానికి దిగొచ్చు. రిజర్వాయర్లో నీళ్ళుంటేనే నడుస్తుందనుకోండి. "అబ్బా, అది నీళ్ళ మీద పోయే బస్సు" అన్నాడు చిన్నోడు. ఆ మాటతో మూడోది పోయింది.

ఇక్కడిదాకా పిల్లలాట. అసలు మాట అమ్మీ దగ్గర ఆగింది.

2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు పాతబస్తీ మీదికి వచ్చినప్పుడు మా ఇల్లు మునిగింది. అబ్బా, అమ్మీ పక్కింటి మిద్దె మీద రెండు రాత్రులున్నారు. ఒక సంచిలో ఖురాన్ షరీఫ్, ఇంటి కాగితాలు, నాలుగు బన్నులు. నేను వేరే ఊళ్ళో డెస్కులో కూర్చుని ఎన్ని క్యూసెక్కులు వచ్చాయో హెడ్డింగులు పెడుతున్నాను. ఆ రెండు రాత్రుల గురించి అమ్మీ ఎప్పుడూ పెద్దగా చెప్పదు. బకెట్ నిండి పొర్లే చప్పుడు వినబడితే మాత్రం ఇప్పటికీ లేచి వెళ్ళి నల్లా కట్టేస్తుంది.

"పానీ దేఖే తో డర్ లగ్తా రే, నక్కో" అంది. నీళ్ళంటే భయం, నన్ను వదిలేయండి, మీరు పోయిరండి అని. అమ్మీని వదిలి పోవడం మాకు కుదరదు. నాలుగేళ్ళ కింద అబ్బా పోయినప్పటి నుంచి ఆమెను ఇంట్లో ఒక్కదాన్నే పడుకోనివ్వలేదు.

భయం నాకు లేదని కాదు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పాపికొండలు పోయే బోటు మునిగిన రోజు నేను డ్యూటీలో ఉన్నాను. రాత్రంతా మృతుల సంఖ్య మారుస్తూ కూర్చున్నాం. ధర్మాడి సత్యం బృందం ఆ బోటును పైకి లాగడానికి అక్టోబర్ 22 దాకా పట్టింది. 2012లో ఇటలీ దగ్గర కోస్టా కాంకార్డియా బండరాయికి తగిలి ఒరిగి 32 మంది పోయారు. అంత పెద్ద జహాజ్, అదీ ఒడ్డు పక్కనే. దాని తర్వాతే రూల్ మారింది: అంతర్జాతీయంగా తిరిగే జహాజ్ ముసాఫిర్లకు ప్రమాదం వస్తే ఎక్కడ నిలబడాలో, లైఫ్ జాకెట్ ఎట్లా కట్టుకోవాలో బయల్దేరేముందే, లేకపోతే బయల్దేరిన వెంటనే చూపించి తీరాలి. ముందు 24 గంటల గడువుండేది. నేను ఏజెంటుకు వేసిన మొదటి ప్రశ్న ఇదే. ఈత కొలను ఎన్ని మీటర్లని పిల్లలు అడగమన్నారు. అది రెండో ప్రశ్న.

అమ్మీని మెత్తబరచడానికి దాదా కథ ఎత్తాను. దాదా 1960ల్లో హజ్‌కు జహాజ్ మీదే వెళ్ళారు. డోన్ నుంచి గుంతకల్, అక్కణ్ణుంచి బొంబాయి రైలు. అక్కడ హాజీ సాబూ సిద్దీఖ్ ముసాఫిర్‌ఖానాలో మకాం, తర్వాత మొగల్ లైన్ జహాజ్‌లో డెక్ క్లాసు. జిద్దా చేరడానికి వారం పది రోజులు. వెళ్ళేటప్పుడు ఊరంతా వచ్చి మాఫీలు చెప్పుకున్నారట, తిరిగొస్తారో లేదోనని. దాదాకు ఏ కంపెనీ మంచిదని ఎంచుకునే పని లేదు. పేరు వస్తే చాలు, అల్లా పిలిచాడు.

అంతకుముందు తరానికి మాత్రం ఎంచుకునే అవకాశం కొన్నాళ్ళు దొరికింది. 1937లో సింధియా స్టీమ్ నావిగేషన్ వాళ్ళు ఎల్ మదీనా అనే జహాజ్‌ను, ఆ తర్వాత ఎల్ హింద్‌ను హాజీల కోసం దించారు. మొగల్ లైన్ అప్పుడు ఇంగ్లీషు వాళ్ళ చేతిలో ఉండేది, సింధియా స్వదేశీ కంపెనీ. ఇద్దరూ కిరాయిలు తగ్గించుకుంటూ పోయారు. హాజీకి లాభమే గానీ ఎన్నాళ్ళు సాగుతుంది? యుద్ధం రాగానే ఆ పోటీ ముగిసింది. ఆ సింధియా వాళ్ళే 1941లో విశాఖలో జహాజ్‌లు కట్టే కార్ఖానా మొదలుపెట్టారు. 1948లో నెహ్రూ నీళ్ళలోకి వదిలిన జల ఉష అక్కడ తయారైందే. బొంబాయి నుంచి హాజీల జహాజ్‌లు 1995తో ఆగిపోయాయి. ఇప్పుడు అందరూ విమానమే.

అమ్మీ అంతా విని, "వో హజ్ కూ గయే థే. తుమ్ కాయ్‌కూ జారైఁ?" అంది. ఆయన హజ్‌కు పోయాడు, మీరెందుకు పోతున్నారు?

ఇదే మాట మామూ ఇంకోలా అన్నాడు. "ఆ పైసలతో మీ అమ్మీకి ఉమ్రా చేయించొచ్చు కదా?" మామూ చెడ్డగా అనలేదు. హిసాబ్ వేస్తే నిజమే, ఆరుగురికి అయ్యే ఖర్చులో ఇద్దరు మక్కా వెళ్ళి రావచ్చు. ఆ ప్రశ్నకు నా దగ్గర గట్టి జవాబు లేదు, ఇప్పటికీ లేదు. మా ఖాన్‌దాన్‌లో సమందర్ దాటినవాళ్ళు రెండే రకాలు, ఫర్జ్ కోసం పోయినవాళ్ళు, మజ్బూరీతో పోయినవాళ్ళు. ఖుషీ కోసం పోయినవాడు ఒక్కడూ లేడు. అందుకేనేమో, ఆ టికెట్ కొంటుంటే దొంగతనం చేస్తున్నట్టు ఉండింది.

మజ్బూరీతో పోయినవాళ్ళంటే, కడపలో చెప్పాల్సిన పనే లేదు. కడప, రాయచోటి, రాజంపేట వైపు మన గల్లీల్లో కువైట్ తెలియని ఇల్లుందా? మా ఆవిడ ఖాలా ఇరవై ఏళ్ళు కువైట్‌లో ఇంటిపని చేసింది. ఆ పైసలతో ఇద్దరు చెల్లెళ్ళ షాదీలు, తమ్ముడికి ఆటో, పైకప్పు ఉన్న ఇల్లు అయ్యాయి. ఆమె షాదీ మాత్రం కాలేదు. ఇప్పుడు మా ససురాల్‌లోనే ఒక గదిలో ఉంటుంది, జా-నమాజ్, మిషన్, రేడియో.

ఏజెంటు పంపిన కాగితం చదివితే తెలిసింది, జహాజ్ వాళ్ళ హిసాబే వేరు. పెద్ద అక్షరాల్లో ఉండే ధర మనిషికి, అదీ ఒక కమరాలో ఇద్దరుంటే. పోర్టు చార్జీలు, జీఎస్టీ, నౌకర్లకిచ్చే టిప్పు తర్వాత కలుస్తాయి. అదే కమరాలో మూడో మనిషికి, నాలుగో మనిషికి తగ్గుతుంది. మేం నలుగురం ఒక దాంట్లో సర్దుకుంటాం, పిల్లలకు పైన మంచాలు. మరి అమ్మీ? ఒక్కళ్ళే ఉంటే దాదాపు ఇద్దరి కిరాయి కట్టాలట. ఇది ఒక్క కంపెనీ సంగతి కాదు, ఏ దేశపు జహాజ్ చూసినా ఇదే దస్తూర్.

ఇది అమ్మీకి చెప్పకూడదనుకున్నాను. చిన్నోడు చెప్పేశాడు.

అమ్మీ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నవ్వినట్టే, "మీ అబ్బా టికెట్ ఇంకా నేనే కట్టాలన్న మాట" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున లేచి ఇక వద్దు, ఊటీకే పోదాం అని చెబుదామనుకున్నాను. నాకంటే ముందే మా ఆవిడ లేచి ఉంది. "అజీ, ఖాలాను తీసుకుపోదాం. అమ్మీతో ఉంటుంది" అంది. అంతే, ఇంత చిన్న మాట నాకు తట్టలేదు. హిసాబ్ రాసుకున్న కాగితంలో ఖాలా పేరు లేదు కాబట్టి తట్టలేదు. ముందు ఆరో మనిషిగా మా బావమరిదిని లెక్కేశాను. వాడు షాపు వదిలి రానన్నాడు, ఖాలా వచ్చింది.

ఖాలాతోనే జహాజ్ కూడా తేలిపోయింది. ఇంటింటా ఆలోచించుకునే తెల్లటి జహాజ్‌ల ఫోటోలన్నీ పక్కన పెట్టి ఆమె రెండే షర్తులు పెట్టింది. ఒకటి, పాస్‌పోర్టు మళ్ళీ చేత్తో ముట్టనంది. ఇమిగ్రేషన్ లైనులో నిలబడి ఎవరో కాగితం లాక్కోవడం ఈ జిందగీకి చాలన్నది. దాంతో సింగపూర్, హలాల్ సర్టిఫికెట్ సహా, పోయింది. రెండోది, నేను చవకని రాసుకున్న ఇన్‌సైడ్ కేబిన్ గురించి. నాలుగు గోడలు, దీపం ఆర్పితే పగలో రాత్రో తెలియదు. "ఇరవై ఏళ్ళు కిటికీ లేని కమరాలో పడుకున్నా. పైసలిచ్చి మళ్ళీ అదేనా? మేరే కూ ఖిడ్కీ హోనా." కువైట్ అంటే సమందర్ ఒడ్డే కదా ఖాలా అంటే, కారు అద్దంలోంచి రెండు మూడుసార్లు చూశానంది, పిల్లల సామాన్లు ఒళ్ళో పెట్టుకుని.

వాళ్ళిద్దరికీ ఓషన్ వ్యూ. మా నలుగురికీ ఇన్‌సైడ్. తేడా కోసం నా పాత బైకు మార్చే ఆలోచన వచ్చే ఏడాదికి వాయిదా పడింది. లిఫ్టుకు దగ్గర్లో అడిగాను, అమ్మీ మోకాళ్ళ కోసం. కింది డెక్కులో, జహాజ్ మధ్యలో అడిగాను, ఊపు అక్కడే తక్కువ.

తిండి సంగతి అడిగితే ఏజెంటు, "సార్, జైన్ ఫుడ్ కూడా ఉంది!" అన్నాడు, హుషారుగా. ఆయన నియ్యత్ మంచిదే. మేం చేపా కూరగాయలూ తినాలని నిర్ణయించుకున్నాం, అమ్మీ రెండు డబ్బాల నిండా ఖజూర్లు, మురుకులు సర్దింది. కేసినో ఉంటుంది కదా అని మామూ గుర్తుచేశాడు. ఉంటుంది. 2022 జూన్‌లో ఆ గొడవ మీదే పుదుచ్చేరి ఆ జహాజ్‌ను రేవుకు రానివ్వలేదని నేనే వార్త దిద్దాను. కేసినోకు ఒక తలుపుంది, మేం ఆ తలుపు తీయం. నమాజ్ గురించి మసీదులో మౌలానాను అడిగాను. నిలబడగలిగితే నిలబడే చదవాలి, జహాజ్ తిరిగితే ఖిబ్లా వైపు మీరూ తిరగాలి అన్నారు. చిన్నోడికి ఇది తెగ నచ్చింది. అప్పటి నుంచి ఇంట్లో కంపాస్ పట్టుకుని తిరుగుతున్నాడు.

బావమరిది మాత్రం ఆటపట్టించడం ఆపలేదు. "కర్నూలోళ్ళకు, కడపోళ్ళకు జహాజ్ ఏంది బావా?" అన్నాడు. వాడికి కేసీ కెనాల్ సంగతి చెప్పాను. 1860ల్లో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ ఆ కాలువను సేద్యానికే కాదు, పడవలు నడపడానికి కూడా తవ్వింది. సుంకేసుల నుంచి కడప దాకా మధ్యలో లాకులు కట్టి. కంపెనీకి గిట్టుబాటు కాక 1882లో సర్కారు కొనేసింది. అంటే మా ముత్తాతల కాలంలో నా బారాత్ అయ్యుంటే పడవలో కడపకు వచ్చేవాణ్ణి. వాడు నమ్మలేదు. కాలువలో నీళ్ళే లేవు కదా ఇప్పుడు అన్నాడు.

టికెట్లు రాసేటప్పుడు ఏజెంటు ఫోన్ చేశాడు. ఒక కమరాలో ఉండే ఇద్దరు లేడీస్ ఒకరికొకరు ఏమవుతారో ఫారంలో నింపాలట. కోడలి ఖాలా, అల్లుడి అమ్మీ. సంధన్ అందామంటే ఆ లిస్టులో లేదు, అక్కాచెల్లెళ్ళు కారు, తల్లీకూతుళ్ళు కారు. ఫోన్ స్పీకర్లో పెట్టి అమ్మీని అడిగాను. ఆమె సూట్‌కేసు మూత మీద కూర్చుని జిప్పు లాగుతోంది.

"దోస్త్ లిఖో" అంది.

ఏజెంటుకు వినబడలేదు. నేను మళ్ళీ చెప్పాను.