ఒకే కాలువలో రెండు నీళ్ళు

వర్షాకాలం రాగానే విద్యార్థులు, మొహల్లా వాసులు మమ్మల్ని తప్పక అడిగే ప్రశ్న ఒకటున్నది. మ్యాన్‌హోల్ పొంగి వీధిలో పారే నీరు మస్జిద్‌కు వచ్చే దారిలో బట్టలపై చిందితే నమాజ్ చెల్లుతుందా? వీధి బురద తప్పించుకోలేనిది గనుక, అందులో మాలిన్యం స్పష్టంగా కనిపించనంత వరకు హనఫీ ధర్మవేత్తలు సడలింపు ఇచ్చారు. కనిపిస్తే కడుక్కోవలసిందే. కళ్ళ ముందే డ్రైనేజీ నుండి పొంగిన నీటికి ఆ సడలింపును ఆసరా చేసుకోవద్దని మేము చెబుతాము. అయితే తహారత్ గురించి అడిగేవారు, ఆ నీరు వీధిలోకి ఎందుకు వచ్చిందని కూడా అడగాలి.

ఈ ప్రశ్నకు పాత నగరాలలో లండన్ చరిత్ర మంచి జవాబు చెబుతుంది. పూర్వం అక్కడి ఇళ్ళలో మలం గుంటల్లో చేరేది. రాత్రివేళ కూలీలు దానిని ఎత్తి పొలాలకు తరలించేవారు. వీధుల క్రింది కాలువలు ప్రధానంగా వాన నీటి కోసమే. 19వ శతాబ్దంలో నీటితో కడిగే మరుగుదొడ్లు వ్యాపించాక ఇళ్ళ మురుగును కూడా ఆ కాలువల్లోకే వదిలారు. ఇళ్ళు శుభ్రపడ్డాయి, థేమ్స్ నది మురికి కూపమయింది. ఎందరో త్రాగేది ఆ నది నీరే! కలరా పదే పదే వేలమందిని బలిగొన్నది. అయినా పని కదలలేదు. 1858 వేసవిలో దుర్గంధం పార్లమెంటు భవనాన్ని కమ్మి, కిటికీ తెరలను బ్లీచింగ్ పౌడర్ ద్రావణంలో తడపవలసి వచ్చిన తరువాతనే చట్టం వచ్చింది. పాలకుల ముక్కుకు సోకేదాకా పేదల ప్రాణాలు లెక్కలోకి రాకపోవడం ఆ ఒక్క దేశపు కథ కాదు.

జోసెఫ్ బాజల్‌జెట్ అనే ఇంజనీరు నదికి ఇరువైపులా ఇటుకలతో భారీ కాలువలు నిర్మించి, మురుగును నగరానికి తూర్పున దిగువకు మళ్ళించారు. 1866లో కలరా మళ్ళీ వచ్చినప్పుడు, పని ఇంకా పూర్తికాని తూర్పు ప్రాంతమే ఎక్కువగా దెబ్బతిన్నది. ఆ తరువాత లండన్‌లో అంతటి కలరా రాలేదు. నిస్సందేహంగా అది మహోపకారమే.

కానీ వానకూ మురుగుకూ కాలువ ఒక్కటే. పెద్ద వాన పడి అది నిండితే మురుగు ఇళ్ళలోకి ఎగదన్నుతుంది. అలా కాకుండా నదిలోకి పొర్లిపోయే ద్వారాలను ముందే ఏర్పాటు చేశారు. అంటే ఆ పొర్లు ప్రమాదవశాత్తూ జరిగేది కాదు, నిర్మాణంలోనే ఉన్నది. ఇక దిగువకు మళ్ళించిన మురుగు కూడా ఎక్కడికీ మాయం కాలేదు. 1878 సెప్టెంబరు 3న ప్రిన్సెస్ ఆలిస్ అనే ప్రయాణికుల ఓడ సరిగ్గా ఆ మురుగు వదిలే చోటు సమీపంలోనే మునిగి, 600 మందికి పైగా మరణించారు. వారు పడినది అప్పుడే విడిచిన మురుగులో.

జనాభా పెరిగి, నేలంతా రాతితో, సిమెంటుతో కప్పబడ్డాక కొద్దిపాటి వానకే ద్వారాలు పొర్లసాగాయి. ఆ పొర్లును పట్టి నిలిపేందుకు థేమ్స్ క్రింద 25 కిలోమీటర్ల సొరంగం త్రవ్వారు. అది 2025లో పూర్తిగా పనిలోకి వచ్చింది.

మన హైదరాబాద్ సంగతి వేరు. ఇక్కడ మురుగు గొట్టాలు మురుగుకు మాత్రమే ఉద్దేశించినవి. వాటిలో వాన నీటిని కలుపుతున్నది చాలా చోట్ల మనమే. మిద్దె మీది వాన గొట్టాన్ని తీసుకెళ్ళి డ్రైనేజీ చాంబరులో దింపుతాము. వాన పడితే మన వాకిలి పొడిగానే ఉంటుంది, పల్లంలో ఉన్న పొరుగువారి స్నానాలగదిలోకి మురుగు ఎగదన్నుతుంది. వీధిలో నీరు నిలిస్తే మ్యాన్‌హోల్ మూత ఎత్తేసేవారూ ఉన్నారు. నీటి క్రింద కనిపించని ఆ గుంతలో పడి ప్రాణాలు పోయాయి.

వాన లేని రోజున మిద్దెపై రెండు బకెట్ల నీళ్ళు పోసి, ఇంట్లో కుళాయిలన్నీ కట్టి, చాంబరు దగ్గర ఒకరిని నిలబెట్టి చూడండి. ఆ నీరు అక్కడ తేలితే ప్లంబరును పిలిచి, గొట్టాన్ని ఇంకుడు గుంతకు మళ్ళించండి.