కరియకు పని దొరికింది

ఈ పత్రికలో అందరూ పి.ఎఫ్. గురించి, పింఛను గురించి, పిల్లల చదువుల గురించి రాస్తారు. నేను కుక్క గురించి రాస్తాండాను. నవ్వుకున్నా పర్వాలేదు, చివరిదాకా చదవండి. మన లైన్లలో, వఠారాల్లో కుక్క లేని వీధి ఎక్కడుంది?

నేను బళ్ళారిలో స్పిన్నింగ్ మిల్లులో రింగ్ ఫ్రేము మీద ముప్పై ఒక్క ఏండ్లు పనిచేసినాను. చదివింది అయిదో తరగతి, తెలుగు బడిలో. మా నాయన కాలంలో, 1953లో, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలో ఉండిపోయినాయి. మేము మాత్రం ఇక్కడే. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ. అందుకే మా కుక్క పేరు కరియ. కన్నడంలో నల్లోడు అని. ఆ పేరు పెట్టింది మా ఇంటామె. ఒక వానకాలం మురికి కాలువ పక్కన వణుకుతా ఉంటే కొంగులో చుట్టుకొని తెచ్చింది. నాటు కుక్క. జాతి గీతి ఏమీ లేదు.

మా ఇంటామె పోయి రెండేండ్లు అయింది. అది ఉన్నన్ని దినాలు కరియ దాని కాళ్ళ చుట్టే తిరిగేది. రొట్టె చేసేటప్పుడు పొయ్యి పక్కన కూర్చునేది. ఇప్పుడు ఇంట్లో మేమిద్దరమే. పింఛను పదిహేను వందల చిల్లర వస్తుంది, దాంతో ఏమైతుంది? అందుకని ఒక జీన్స్ వాషింగ్ యూనిట్‌లో వాచ్‌మన్ పనికి చేరినాను. పొద్దున ఎనిమిదికి పోతే సాయంత్రం నాలుగు దాటి వస్తాను. కరియను ఇంట్లో పెట్టి తలుపు వేసుకొని పోయేవాణ్ణి. బయట వదిలితే బండ్ల కింద పడుతుందని భయం.

నేను పోయిన అరగంటకు మొదలుపెట్టేదంట. మొరగడం, ఊళ పెట్టడం, తలుపు గీకడం. నాకేం తెలుసు, నేను అక్కడ గేటు దగ్గర కూర్చున్నాను. ఒక దినం పక్కింటి కోడలు వచ్చి చెప్పింది. "మామా, కోపం చేసుకోవద్దు. మా పాపకు మార్చిలో ఎస్సెస్సెల్సీ పరీక్ష. పొద్దున చదువుకోను కూర్చుంటే నీ కుక్క చదవనీయదు. తలకాయ పట్టుకొని ఏడుస్తాంది." ఆమె తప్పు ఏముంది? నాకే సిగ్గైంది. వారం తిరగక ముందే ఓనరు కూడా చెప్పినాడు: నెల టైము, కుక్క పోవాల, లేకుంటే నువ్వు ఇల్లు చూసుకో అని. కౌల్ బజారు చుట్టుపక్కల ఈ బాడుగకు మళ్ళీ ఇల్లు దొరుకుతుందా? దూరం తీసుకుపోయి మార్కెట్‌లో వదిలేయమని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చినారు. ఆ రాత్రి కరియ ముఖం చూడలేకపోయినాను.

యూనిట్‌లో కుర్రోడు ఒకడు సెల్లులో వీడియో చూపించినాడు. కుక్కకు తిండి ఉత్తగా గిన్నెలో పెట్టకుండా, ఏదో ఒక బొమ్మలో దాచి పెడితే అది దాన్ని బయటికి తీసుకునే పనిలో పడి అరవదంట. ఇదేదో మేలుగా ఉందనిపించింది. మన బళ్ళారిలో జీన్స్ గుడ్డకు కరువా? కటింగ్ పీసులు కొన్ని ఏరుకొచ్చి, మధ్యలో జొన్నరొట్టె ముక్కలు, కోడి తునకలు పెట్టి, గట్టిగా ముడి వేసి ఇచ్చినాను. అప్పటి దాకా ముప్పై ఏండ్లు నూలుతో బతికినవాణ్ణి, నేను కట్టిన ముడి కుక్క విప్పుతుందా అనుకున్నాను.

అది ముడి విప్పలేదు. గుడ్డనే పీకింది. జీన్స్ గుడ్డ అంచు తెగితే పోగులు ఎట్ల వస్తాయో మీకు నేను చెప్పాల్నా? ఆ పోగులన్నీ రొట్టె వాసనతో మింగింది. రెండో దినం వాంతులు. మూడో దినం నీళ్ళు కూడా ముట్టలేదు. వెనక నుంచి తెల్ల పోగు ఒకటి జానెడు వేలాడతా ఉండింది. దాన్ని పట్టి లాగుదామని చెయ్యి కూడా పెట్టినాను. ఏం దేవుడో ఆపినాడు. ఆటోలో వేసుకొని పశువుల ఆసుపత్రికి పోయినాను.

అక్కడి డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. మొదట అడిగిన మాట, "తాతా, లాగినారా?" అని. లేదమ్మా అన్నాను. అప్పుడు విడమరిచి చెప్పింది. పోగు ఒక కొస కడుపులో ఎక్కడో చిక్కుకొని ఉంటుంది. పేగు దాన్ని ముందుకు తోస్తా ఉంటుంది. లంగాకు బొందు లాగితే గుడ్డంతా కుచ్చులు పడుతుంది చూడండి, అట్లనే పేగు కుచ్చు పడుతుంది. ఇంకా లాగితే పోగు కత్తి మాదిరి పేగును కోస్తుంది. మిల్లులో నడిచే పోగుకు వేలు అడ్డం పెట్టి కోసుకున్నవాళ్ళం మనం. నాకు ఒళ్ళు జల్లుమంది. ఎక్స్‌రే తీసినారు, సెలైన్ ఎక్కించినారు. రేపటికి పోకపోతే కడుపు కోయాల్సి వస్తుందన్నారు. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో కూర్చున్నాను. తెల్లారి గుడ్డ ముద్ద బయటికి పోయింది. డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది.

తర్వాత ఆమెకు మొత్తం చెప్పినాను. మొరగడం, పరీక్ష, ఓనరు, నెల గడువు. కుక్కను వదిలేయమంటుందేమో అనుకున్నాను. ఆమె ఇట్ల అన్నది: "దీనికి తిండి తక్కువ కాలేదు తాతా. పని తక్కువైంది." 1963లో అమెరికాలో జెన్‌సెన్ అనే ఆయన ఎలుకల మీద ఒక పరీక్ష చేసినాడంట. ఒక పక్క గిన్నెలో తిండి ఊరికే పెట్టినాడు. ఇంకో పక్క మీట నొక్కితే తిండి పడేటట్టు పెట్టినాడు. ఊరికే వచ్చే తిండి ఎదురుగా ఉన్నా చాలా ఎలుకలు మీట నొక్కి కూడా తిన్నాయంట. ఆ తర్వాత ఇంకా ఎన్నో జంతువులలో ఇదే చూసినారంట. పిల్లులు మాత్రం ఊరికే పెట్టిందే తింటాయంట. పిల్లి సంగతి మనకు తెలియందా!

ఆ మాట విని నేను కాసేపు మాట్లాడలేదు. మా మిల్లు మూసినప్పుడు మొదటి నెలంతా నాకు తెల్లారి అయిదింటికే మెలకువ వచ్చేది. కూత వినపడేది కాదు, అయినా లేచి కూర్చునేవాణ్ణి. ఇంట్లో అన్నం ఉంది, కొడుకు పంపిన దుడ్డు ఉంది. అయినా వేళ్ళు ఊరికే ఉండేవి కావు, దుప్పటి అంచు పట్టుకొని తెగిన పోగు అతికించినట్టు నలుపుతా ఉండేవి. మా ఇంటామె చూసి చెయ్యి పట్టుకునేది. తిండి ఉన్నా మనిషి ఊళ పెడతాడు, బయటికి వినపడదు అంతే.

సరే, బొమ్మ సంగతి. బెంగళూరులో ఉండే మా అల్లుడు డబ్బా పంపినాడు. అందులో మూడు ఉన్నాయి: ఒక రబ్బరు బొమ్మ, మూతలు తెరిచే ప్లాస్టిక్ పలక, బొక్కలున్న బంతి. ధర చూసి గుండె ఆగింది. రబ్బరుది ఒక్కటే వెయ్యికి కొంచెం తక్కువ. ఇ.పి.ఎస్. కనీస పింఛను 2014 నుంచి నెలకు వెయ్యే కదా. అంటే మనలో కొందరి నెల పింఛను ఒక కుక్క బొమ్మ.

పలక ఎందుకూ పనికి రాలేదు. మూత తెరిచి తీసుకోవాలంటే కరియ దాన్ని బోర్లించి అంచు కొరికింది. ప్లాస్టిక్ ముక్క మింగకముందే లాక్కున్నాను. అది నిదానం ఉండే కుక్కలకు, మనం పక్కన కూర్చున్నప్పుడు. బంతి డాక్టరమ్మకు చూపిస్తే పక్కన పడేసింది. బొమ్మ ఎప్పుడూ కుక్క నోట్లో పూర్తిగా పట్టనంత పెద్దగా ఉండాలంట. వెనక పండ్ల దాకా పోయిందంటే గొంతులో పడినట్టే. ఇంకొకటి చెప్పింది, ఇది నాకు తోచేది కాదు: రబ్బరు బొమ్మకు ఒకటే బొక్క ఉంటే, కుక్క నాలుక లోపలికి పెట్టి నాకినప్పుడు గాలి పీల్చుకొని నాలుక అందులోనే ఇరుక్కుంటుంది. రెండు వైపులా బొక్క ఉండాల. గట్టితనం చూడాలంటే గోరు గుచ్చి చూడాలంట. గోరు కొంచెం కూడా దిగకపోతే అది పండ్లు విరగ్గొడుతుంది. వండిన ఎముకలు అసలే వద్దు, సూదుల మాదిరి చీలిపోతాయి. మనం పండగ దినం చేసే పని అదే.

ఆ రబ్బరు బొమ్మ పేరు కాంగ్. అమెరికాలో కొలరాడోలో జో మార్కమ్ అనే ఆయన కుక్క రాళ్ళు కొరికి పండ్లు పాడు చేసుకుంటా ఉండేదంట. ఆయన తన ఫోక్స్‌వ్యాగన్ బండి రిపేరు చేసుకుంటా ఉంటే, బండి కింది రబ్బరు ముక్క ఒకటి పట్టుకొని ఆ కుక్క వదల్లేదంట. దాన్ని చూసే ఈ బొమ్మ చేసి 1976లో కంపెనీ పెట్టినాడు. మన మిల్లులో ఫిట్టర్లు ఎంతమంది ఇట్లాంటివి కనిపెట్టినారో, ఎవరు రాసినారు!

అందరూ వెయ్యి రూపాయలు పెట్టక్కరలేదు. కరియకు బాగా పనికొచ్చిన రెండోది పాత ఇడ్లీ ప్లేటు. పక్కింటి కోడలే ఇచ్చింది, స్టాండులో వంకర పోయిన ప్లేటు. గుంతల్లో పెరుగన్నం పలచగా మెత్తితే గిన్నెలో రెండు నిమిషాల్లో అయిపోయేది పావుగంట పైన పడుతుంది. నాలుకతో గుంత గుంతా తుడవాలి కదా. నాకుతా ఉంటే కుక్క మనసు నెమ్మదిస్తుందని డాక్టరమ్మ చెప్పింది. నేను కళ్ళతో చూసినాను.

రబ్బరు బొమ్మలో రొట్టె ముక్కలు, ఉడికిన గుడ్డు, కొంచెం బొరుగులు పెట్టి, పైన మజ్జిగన్నంతో మూసేస్తాను. వేయించిన బుడ్డలు ఉప్పు లేకుండా మెత్తగా నూరి కొంచెం పూస్తే వాసనకు వదలదు. బజారులో అమ్మే బుడ్డల వెన్నలో కొన్నింట్లో జైలిటాల్ అనే తీపి కలుపుతారంట, అది కుక్కకు విషం. ఎర్రగడ్డలు, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాకొలెట్ కూడా పెట్టకూడదు. మొక్కజొన్న కండె ఇస్తే పేగుకు అడ్డం పడుతుంది. మా లైనులో పిల్లలు తిని కుక్కలకు విసిరేది అదే. బొమ్మలో పెట్టింది దాని పూట తిండిలోనే తగ్గించాల. లేకుంటే కుక్క ఓనరు మాదిరి లావైతుంది. (మా ఓనరు ఈ పత్రిక చదవడు.)

మొదటి దినమే కష్టమైంది ఇవ్వకూడదు. తడితే రాలిపడేటట్టు వదులుగా నింపాల, నేర్చుకున్నాక బిగించుకుంటా పోవాల. మొదటి దినం నేను తొందరపడి బిగించినాను, కరియ రెండు సార్లు దొర్లించి నా ముఖం చూసి మూలకు పోయి పడుకుంది. కొత్తగా వచ్చిన డాఫరు పిల్లోనికి ఒక్కసారిగా పూర్తి ఫ్రేము అప్పజెప్పితే ఏం చేస్తాడు, ఇదీ అంతే. ఇంకొకటి, మనం ఇంట్లో ఉన్నప్పుడే నేర్పాల. మనం బయటికి పోయేటప్పుడు మాత్రమే ఇస్తే, బొమ్మ కనపడగానే ఏడుపు మొదలుపెడుతుంది. మనం లేనప్పుడు బొమ్మ ముట్టకుండా అట్లనే ఉండిపోయిందంటే అది భయం. అప్పుడు బొమ్మతో పని కాదు, డాక్టరుకు చూపించాల. కరియకు అదృష్టం, తినింది.

వేసవిలో ఫ్రిజ్‌లో గడ్డ కట్టించి ఇస్తే ఇంకా ఎక్కువ సేపు వస్తుంది. బళ్ళారి ఎండలు తెలుసు కదా, దానికీ చల్లగా ఉంటుంది. నాకు ఫ్రిజ్ లేదు. ఎవరి ఫ్రిజ్ అనుకుంటారు? పక్కింటి కోడలిదే. "మామా, రాత్రి నాకియ్యి, కవర్లో చుట్టి పెడతా" అని తనే అన్నది. పొద్దున ఏడున్నరకు ఆ పాప తెచ్చి ఇచ్చేది, పుస్తకం చంకలో పెట్టుకొని. నేను పోయిన మొదటి గంటలోనే కదా కరియ అరిచేది. ఆ గంట బొమ్మతో గడిచిపోతుంది. తర్వాత అలిసి పడుకుంటుంది. మధ్యలో ఒకటి రెండు సార్లు అరుస్తుంది, అరవదని నేను చెప్పను.

ఇబ్బందులు లేకపోలేదు. చీమలు వస్తాయి. రోజూ వేడి నీళ్ళతో కడగకపోతే పులిసిన కంపు. వీధిలో పెడితే వేరే కుక్కలతో కొట్లాట. ముఖ్యంగా పిల్లలకు చెప్పండి, కుక్క నోటి దగ్గర బొమ్మ ఉన్నప్పుడు చెయ్యి పెట్టొద్దని. ఎంత సాధువైనా తిండి దగ్గర గుర్రుమంటుంది. కరిస్తే సబ్బుతో పావుగంట కడిగి, ఆ దినమే ఆసుపత్రికి పోయి సూదులు వేయించుకోవాల. పసుపు, సున్నం పూసుకొని కూర్చోకూడదు.

ఒకటో తారీఖు ఓనరు బాడుగకు వచ్చినాడు. కరియ ఇడ్లీ ప్లేటు మీద ఉండి తల కూడా ఎత్తలేదు. ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, దుడ్డు లెక్కపెట్టుకొని పోయినాడు. ఏమీ అనలేదు. పాప పరీక్షలు రాసింది, లెక్కలు బాగా చేసినానంటుంది. ఈ నెల నుంచి నాకు రాత్రి డ్యూటీ వేసినారు. రాత్రంతా కరియను ఎట్ల పెట్టాలో ఇంకా తెలియదు, ఆదివారం డాక్టరమ్మను అడగాల. పక్కింటి కోడలు ఇడ్లీ ప్లేటు మళ్ళీ అడుగుతాంది, చుట్టాలు వస్తాండారంట. ఏం చెప్పాలో తోచక కొత్తది ఒకటి కొనిచ్చినాను.