మక్‌జాంగ్

పొద్దుగూకినాక శ్రీరాంపూర్‌లో మా ఇంటి అరుగు మీద కూచుని కొరియన్ అక్షరాలు దిద్దుతుంటాను. నలభై దాటినాక ఈ ఓనమాలేందని ఇంట్లో నవ్వుతారు. అక్షరాలు వారంలో పట్టుబడ్డాయి. అందులో నా గొప్పేం లేదు. సెజోంగ్ రాజు 1443లో వాటిని కూర్చి, 1446లో లోకానికి చాటిందే సామాన్యులు నేర్చుకోవాలని. 'మ' అక్షరం మూసిన నోరులా చదరంగా ఉంటుంది. 'న' అంటే పైకి ఆనిన నాలుక వంపు. వాక్యం మనదే, క్రియ చివరికొస్తుంది. అమ్మను 'ఒమ్మా' అంటారు. 'తిన్నవా?' అన్నదే అక్కడా పలకరింపు. 1905లో హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ కొరియన్‌నూ ద్రావిడ భాషలనూ పోలుస్తూ ఏకంగా వ్యాకరణమే రాశాడు. ఈ చుట్టరికాన్ని ఇప్పటి పండితులు ఒప్పుకోరు. పోనీ, వరుస కలవకపోతే పలకరించుకోకూడదా?

నన్ను పట్టి ఆపింది ఒక్క మాట. సీరియల్ కథ హద్దు మీరి, తారుమారైన పిల్లలూ చచ్చి బతికొచ్చే మొగుళ్లూ మొదలైతే కొరియన్లు దాన్ని 'మక్‌జాంగ్' అంటారు. అర్థం వెతికితే బొగ్గుబాయి తేలింది. సొరంగం ఆగిపోయే చిట్టచివరి చోటు అది. ముందు దారి లేదు, బొగ్గే.

బాపుకు చెప్పాను. చెమ్మస్ అనే పారతో బొగ్గును తట్టల్లోకెత్తిన 'తట్టా చెమ్మస్' కాలం నుంచి ముప్పై రెండేండ్లు బాయి దిగిన మనిషి.

"గది మా ఫేసే బిడ్డా," అన్నాడు. "ఆడ మాటలుండయి. రూఫు సప్పుడే ఇనాలె." లేచి వేలి కణుపుతో గోడ మీద కొట్టాడు. "గిట్ల గట్టిగ పలికితె మంచిది." తర్వాత చెక్క అలమర మీద కొట్టాడు. "గిట్ల డొల్లగ పలికిందా, ఉరుకుడే."

ఆ మాట పట్టుకునే కొరియా చరిత్రలోకి దిగాను. 1963 నుంచి 1977 దాకా దాదాపు 8 వేల మంది కొరియన్లు పశ్చిమ జర్మనీ గనులకు పోయారు, మన జగిత్యాల, నిర్మల్ వాళ్లు దుబాయికి పోయినట్టే. 1980 ఏప్రిల్‌లో సబుక్ అనే బొగ్గు ఊళ్లో కార్మికులు తిరగబడ్డారు. తక్కువ కూలికి తలూపిన యూనియన్ నాయకుడి మీద కోపం ఒకటి, మనుషులను గుద్దేసి పోయిన పోలీసు బండి మీద ఇంకొకటి. మార్షల్ లా రోజులవి. నాలుగు రోజులు ఊరు వాళ్ల చేతిలో ఉంది. తర్వాత మార్షల్ లా అధికారులు ఆడవాళ్లనూ వదలకుండా పట్టుకుపోయి హింసించారు. మరుసటి నెలే గ్వాంగ్జులో సైన్యం జనాన్ని కాల్చింది.

2024 డిసెంబరు 3 రాత్రి అధ్యక్షుడు యున్ సుక్ యోల్ మళ్లీ మార్షల్ లా ప్రకటించాడు. ఎంపీలు గోడలు దూకి సభలో చేరి, 190 ఓట్లతో గంటల్లోనే దాన్ని కొట్టేశారు. వాళ్లలో ఎంతమందికి 1980 గుర్తొచ్చి ఉంటుందో! వార్త చూస్తూ బాపు ఒకటే అడిగాడు, "మొత్తానికి అందరు బతికిండ్రా?" బాయిలో ప్రమాదం జరిగినా మొదట అడిగేది అదే.

సబుక్ గని ఎన్నడో మూతపడింది. ఆ చుట్టుపక్కల ఇప్పుడు కాసినో ఉంది. 2025 జూన్ 30న దోగే గని మూతపడటంతో దక్షిణ కొరియాలో ప్రభుత్వ బొగ్గుబాయిలు అయిపోయాయి. మక్‌జాంగ్ మాత్రం సీరియల్ చూసే ప్రతి ఇంట్లో పలుకుతోంది. బాపు చెప్పే ఫేసు, చెమ్మస్ నా దగ్గరున్న తెలుగు నిఘంటువులో కనబడలేదు. కొరియన్ నోటుబుక్ చివరి పేజీల్లో వాటిని రాసుకుంటున్నాను. ఇప్పటికి నలభై ఒక్క మాటలయ్యాయి.