చేలో దొరికిన రాయి... విలువ కట్టేదెవరు?

తొలకరి పడిందంటే అనంతపురం జిల్లాలో రైతు చూపు ఆకాశం మీదే ఉంటుంది. వజ్రకరూరు చేలల్లో మాత్రం చాలామంది చూపు నేలమీద! వాన పైమట్టిని కడిగేశాక బయటపడ్డ గులకరాళ్లలో ఎక్కడైనా ఓ మెరుపు కనిపిస్తుందేమోనని ఆశ. సద్దిమూట కట్టుకుని ఇంటిల్లిపాదీ వంగి వెతుకుతారు. పొరుగు జిల్లాల నుంచీ జనం వస్తారు.

ఏడాది పొడవునా కలిపి 550 మిల్లీమీటర్లు దాటని వాన. దాన్ని నమ్ముకుని వేసిన వేరుశనగ. ఇలాంటి చోట ఒక్క రాయి దొరికితే అప్పు తీరుతుంది, ఆడపిల్ల పెళ్లి అవుతుంది. అందుకే ఈ వెతుకులాట.

ఈ ఆశకు ఆధారం లేకపోలేదు. సుమారు 110 కోట్ల ఏళ్ల క్రితం భూమి లోతుల్లోంచి తన్నుకొచ్చిన శిలాద్రవం ఇక్కడ గొట్టాల్లా గడ్డకట్టింది. దాన్నే కింబర్లైట్ అంటారు. వజ్రాలను పైకి మోసుకొచ్చింది అదే. కాలక్రమంలో ఆ రాయి అరిగిపోగా, వాగులూ వంకలూ వజ్రాలను చేలల్లోకి చెదరగొట్టాయి.

కాకిపాదం, ఈగ, వెంట్రుక

దొరికిన రాయి ఉంగరంలో వజ్రంలా ధగధగలాడదు. జిడ్డు పూసిన పటికబెల్లం ముక్కలా ఉంటుంది. దాని ఖరీదు తేల్చడమే అసలు విద్య. ఆరో శతాబ్దంలోనే వరాహమిహిరుడు 'బృహత్సంహిత'లో వజ్రపరీక్ష గురించి రాశాడు. కాకిపాదం, ఈగ, వెంట్రుక లాంటి మరకలుంటే దోషమన్నాడు. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ గనులు చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ మరో ముచ్చట చెప్పాడు. ఐరోపావాళ్లు పగటి వెలుగులో రాయిని చూస్తే, ఇక్కడి వ్యాపారులు రాత్రిపూట గోడగూట్లో దీపం పెట్టి, ఆ వెలుగులో రాయి 'నీరు' చూసేవారట!

ఇప్పుడు లెక్క వేరు. అమెరికాలోని జీఐఏ సంస్థ 1950ల్లో తెచ్చిన పద్ధతినే ప్రపంచమంతా పాటిస్తోంది. సానపట్టిన వజ్రానికి నాలుగు చూస్తారు: బరువు, రంగు, స్వచ్ఛత, కోత. క్యారెట్ అంటే 0.2 గ్రాము. రంగుకు 'డి' నుంచి 'జెడ్' దాకా మెట్లు. ఏ రంగూ లేనిది 'డి', పసుపు తేలేకొద్దీ కిందికి. పదిరెట్లు పెద్దగా చూపే భూతద్దంలోనూ మచ్చ కనిపించకపోతే మచ్చలేనిది. అక్కణ్నుంచి స్వచ్ఛతకు 11 మెట్లు. వరాహమిహిరుడి ఈగా వెంట్రుకా ఇక్కడా ఉన్నాయి, పేర్లే మారాయి!

ముడిరాయి సంగతి ఇంకా చిక్కు. సానపడితే సగం బరువు పోవచ్చు. లోపల పగులెక్కడుంది, కోస్తే ఎంత మిగులుతుంది అన్నది అనుభవంతో చేసే అంచనా మాత్రమే.

సుత్తి పెట్టొద్దు!

వజ్రమైతే సుత్తితో కొట్టినా పగలదన్నది పాత నమ్మకం. అది తప్పు. వజ్రాన్ని గీయడం కష్టమే గానీ, కొన్ని దిక్కుల్లో దెబ్బ తగిలితే చీలిపోతుంది. ఇంటికి తెచ్చి సుత్తితో పరీక్షిస్తే లక్షల రాయి కాస్తా ముక్కలవుతుంది. ఒకే బరువుకు ఒక పెద్ద రాయికి వచ్చే ధర నాలుగు చిన్న ముక్కలకు ఎప్పటికీ రాదు.

వేరుశనగ అమ్మేటప్పుడు రైతును మోసగించడం అంత తేలిక కాదు. గుప్పెడు కాయలు ఒలిస్తే గింజ నిండుదనం అతనికే తెలుస్తుంది. రాయి దగ్గర ఆ విద్య అంతా కొనేవాడి చేతిలోనే. వాన పడగానే వ్యాపారులు వాలిపోతారు. బేరం గుట్టుగా, గబగబా ముగుస్తుంది. నలుగురికీ తెలుస్తుందన్న భయంతో చాలామంది మొదట చెప్పిన ధరకే ఇచ్చేస్తారు.

అందుకే దొరికిన రాయిని ముందు బంగారం కొట్టు త్రాసులో తూయించాలి, ఒక్కరికే కాకుండా ఇద్దరు ముగ్గురికి చూపించాలి, అదే సాయంత్రం అమ్మేయకుండా ఆగాలి. కోట్ల ఏళ్లు మట్టిలో ఉన్న రాయి మరో నాలుగు రోజులు ఇంట్లో ఉంటే తరిగిపోదు. తొందరపడితే తరిగేది రైతు చేతికొచ్చే సొమ్మే.