ఆరుంబావు లెక్క

కందిపప్పు ప్యాకెట్ వెనక ‘వంద గ్రాములకు ప్రొటీన్ 22 గ్రాములు’ అని అచ్చేసి ఉంటుంది. ఫుడ్ అనాలిసిస్ ల్యాబ్‌లో ఒక సెమిస్టర్ గడిపినవాళ్లు ఆ అంకెను అంత తేలిగ్గా నమ్మలేరు. అబద్ధమని కాదు. మామూలుగా ఆ ప్రొటీన్‌ను నేరుగా కొలవరు. నైట్రోజన్‌ను కొలిచి, 6.25తో హెచ్చవేసి, వచ్చినదానికి ప్రొటీన్ అని పేరు పెడతారు.

ఈ పద్ధతి 1883 నాటిది. కోపెన్‌హాగన్‌లో కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ ప్రయోగశాలలో పనిచేసిన యోహాన్ కెల్డాల్ దీన్ని కనిపెట్టాడు. బార్లీలో ప్రొటీన్ ఎంతుందో తేలితే గానీ బీరు కుదురుగా రాదు మరి. సారాయి సంగతి ఎత్తితే చెవులు మూసుకునే ఇళ్లలోని పప్పు బలాన్ని కూడా ఆ పరీక్షే తేలుస్తోంది!

పని మాత్రం భలే ఉంటుంది. కాస్త పప్పు పిండి తూచి, పొడుగు మెడ ఫ్లాస్కులో వేసి, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి, కాపర్ సల్ఫేటూ పొటాషియం సల్ఫేటూ కలిపి ఫ్యూమ్‌హుడ్‌లో మరిగిస్తాం. పిండి మాడి నల్లబడుతుంది, నురగ మెడదాకా ఎగబాకుతుంది. గంటలు గడిచాక ఆ నలుపంతా పోయి, లేత నీలి పచ్చ రంగులో తేటగా మిగులుతుంది. అందులో క్షారం పోస్తే అమ్మోనియా బయటికొస్తుంది. దాన్ని బోరిక్ ఆమ్లంలోకి పంపితే, ఇండికేటర్ వల్ల గులాబీ రంగులో ఉన్న ద్రవం ఆకుపచ్చగా మారుతుంది. ఇక బ్యూరెట్‌లోంచి ఆమ్లం వదులుతూ మళ్లీ గులాబీకి తేవాలి. ఫ్లాస్కు కింద తెల్ల టైలు. చివర్లో నిండు బొట్టు కూడా ఎక్కువే. బ్యూరెట్ మొనకు వేలాడే అర బొట్టును ఫ్లాస్కు గోడకు తాకించి, వాష్ బాటిల్‌తో నీళ్లు చిమ్మి లోపలికి దించుతాం. ఆ కాసేపూ ల్యాబ్‌లో ఎవరూ మాట్లాడరు.

ఇంత జాగ్రత్తగా తెచ్చిన అంకెను చివర్లో ఒక ఊహతో హెచ్చవేస్తాం. ప్రొటీన్‌లో నైట్రోజన్ నూటికి 16 వంతులని ఊహ, అందుకే ఆరుంబావు. కొన్నిటికి అంకె వేరు: పాలకు 6.38, బియ్యానికి 5.95, గోధుమ పిండికి 5.70. నైట్రోజన్ ఎక్కడినుంచి వచ్చిందని ఈ పరీక్ష అడగదు. 2008లో చైనాలో బయటపడిన ఘోరానికి ఆ సందే ఆధారం. నీళ్లు కలిపిన పాలలో మెలమిన్ కలిపారు. అది ప్లాస్టిక్ పరిశ్రమ సరుకు, బరువులో మూడింట రెండొంతులు నైట్రోజనే. పరీక్షలో పాలు చిక్కగా తేలాయి. దాదాపు 3 లక్షల మంది పసిబిడ్డలు జబ్బుపడ్డారు, ఆరుగురు చనిపోయారు. ఇప్పుడు ఆమ్లంతో పనిలేకుండా నమూనాను కాల్చి నిమిషాల్లో నైట్రోజన్ చెప్పే యంత్రాలున్నాయి. వాటి లెక్కా నైట్రోజన్ దగ్గరే ఆగుతుంది.

ప్రొటీన్‌ను చుట్టుదారిలోనైనా కొలిచాం. కార్బోహైడ్రేట్‌కు ఆ మాత్రం గౌరవం కూడా లేదు. తేమ, బూడిద, కొవ్వు, ప్రొటీన్ అన్నీ కూడి, నూరులోంచి తీసేయగా మిగిలిందే అది. ఇంటి ఖర్చుల పద్దులో ‘ఇతరములు’ లాంటిది. తేమ గిన్నెను పటకారుతో కాక వేళ్లతో పట్టుకున్న పాపమూ, కొవ్వు తీసే సాక్స్‌లెట్ పరికరంలోంచి తొందరపడి ముందే దించేసిన కొవ్వూ, అన్నీ ఆ ఖాతాలోకే చేరతాయి. రికార్డు పుస్తకంలో మాత్రం ఆ గడిని రెండు దశాంశ స్థానాల దాకా నింపుతాం, మాస్టారు సంతకం పెడతారు.