పాఠకులు కట్టిన పట్టం

కవికి కనకాభిషేకం చేయడం రాజుల పని అని ఒకనాటి లోకం నమ్మింది. రాజులు పోయిన తరువాత ఆ పని పండిత పరిషత్తుల పాలబడింది. ఈ రెండు చోట్లా పాఠకుడు వెనుక వరుసలో నిలిచి హర్షధ్వానం చేసేవాడే కాని తీర్పు చెప్పేవాడు కాడు. అతడే రుసుము చెల్లించి, సభ చేసి, తనకు నచ్చిన గ్రంథానికి తానే పట్టం కడితే ఎట్లా ఉంటుంది? అమెరికాలో పుట్టిన వైజ్ఞానిక కథాప్రియుల సభ చరిత్ర ఈ ప్రశ్నకు కొంత సమాధానం చెబుతుంది.

1926లో హ్యూగో గెర్న్స్‌బాక్ 'అమేజింగ్ స్టోరీస్' అనే పత్రికను స్థాపించాడు. కేవలం వైజ్ఞానిక కల్పనకే అంకితమైన తొలి ఆంగ్ల పత్రిక అది. చవుక కాగితం మీద అచ్చయిన ఆ కథలను విమర్శకులు సాహిత్యంగా లెక్కించలేదు. కాని ఆ పత్రిక పాఠకుల ఉత్తరాలను చిరునామాలతో సహా ప్రకటించేది. ఒక ఊరిలో ఒంటరిగా చదువుకొనే కుర్రవాడికి మరొక ఊరిలో తనవంటివాడు ఉన్నాడని ఆ విధంగా తెలిసింది. ఉత్తరాలు స్నేహాలైనవి; స్నేహాలు సంఘాలైనవి. 1939 జూలైలో సుమారు 200 మంది న్యూయార్కులో సమావేశమై, ఆ ఏటి ప్రపంచ ప్రదర్శనను అనుసరించి తమ కూటమికి 'ప్రపంచ సభ' అని పేరు పెట్టుకొన్నారు. కలహం కూడా ఆనాడే పుట్టింది. ప్రత్యర్థి సంఘంవారిని కొందరిని నిర్వాహకులు గుమ్మంలోనే ఆపివేశారు. అట్లా ఆగిపోయినవారిలో తరువాత ప్రసిద్ధ రచయిత అయిన ఫ్రెడరిక్ పోల్ ఒకడు.

యుద్ధం వల్ల 1942 నుంచి 1945 వరకు సభ జరగలేదు. 1953లో ఫిలడెల్ఫియా సభవారు తొలిసారి బహుమతులు ఇచ్చారు. ఉత్తమ నవలగా ఆల్ఫ్రెడ్ బెస్టర్ రచించిన 'ది డిమాలిష్డ్ మాన్' ఎన్నికైంది. బహుమానం ఒక లోహపు రాకెట్టు బొమ్మ. జాక్ మెక్‌నైట్ అనే సభ్యుడు ఆ బొమ్మలను స్వయంగా తయారుచేశాడు. ఇతరులు సభలో ఉపన్యాసాలు వింటూ ఉండగా, ఆయన తన పనిశాలలో వాటిని ముగించే ప్రయత్నంలో ఉండిపోయాడట. 1954లో బహుమతులు లేవు. 1955 నుంచి ఏటేటా ఇస్తున్నారు. గెర్న్స్‌బాక్ పేరు మీద వాటికి హ్యూగో బహుమతులన్న పేరు స్థిరపడింది.

సభ్యత్వ రుసుము చెల్లించిన ప్రతివారికి గ్రంథాలను ప్రతిపాదించే హక్కూ, ఓటు హక్కూ ఉన్నాయి. తుది జాబితాలోని రచనలను ఓటరు తన అభిరుచి ప్రకారం వరుసలో పేర్చుతాడు. ఆ జాబితాలో 'ఏదీ కాదు' అన్న స్థానం కూడా ఒకటి ఉంటుంది. 2015లో ఒక వర్గంవారు కూడబలుక్కొని తమ పట్టికలతో జాబితాలను నింపివేశారు. అప్పుడు ఓటర్లు 5 విభాగాలలో 'ఏదీ కాదు' అని తీర్పు చెప్పారు. ఆ ఏడే లియు సిషిన్ చైనా భాషలో వ్రాసిన నవల, కెన్ లియు ఆంగ్లానువాదంలో, ఉత్తమ నవలా బహుమతిని పొందింది. అనువాదంగా వచ్చి ఆ గౌరవం పొందిన తొలి నవల అదే.

ఈ సంస్థను ఏటా నడిపే శాశ్వత కార్యాలయం లేదు. ఏ నగరంలో సభ జరిగితే ఆ నగరపు సంఘమే ఓట్లను కూడా లెక్కిస్తుంది. 2023లో సభ చైనాలోని చెంగ్డు నగరంలో జరిగింది. 2024 జనవరిలో లెక్కలు బయటపడినప్పుడు, ఆర్. ఎఫ్. క్వాంగ్ నవల 'బాబెల్' వంటి కొన్ని రచనలను కారణం చెప్పకుండానే అనర్హమని తొలగించినట్లు తెలిసింది. నిర్వాహకులలో కొందరు రచయితల రాజకీయాభిప్రాయాలను ఆరా తీశారని తరువాత బయటపడిన లేఖలు చెప్పాయి. రచయితలకే కాదు, ఎంతో ఆశతో సభను తమ దేశానికి రప్పించుకొన్న చైనా పాఠకులకు కూడా అది తీరని అన్యాయం.

ఆ ఏడే గ్లాస్గో సభవారు 377 ఓట్లు దొంగ ఓట్లని గుర్తించి, వాటిని తీసివేసిన సంగతిని ఫలితాలకు ముందే బహిరంగంగా ప్రకటించారు. ఆ రాకెట్టు బొమ్మకు వెనుక ఖజానా లేదు, సింహాసనం లేదు. ఇచ్చేవారి మీద పుచ్చుకొనేవారికీ, లెక్కించేవారి మీద ఇచ్చేవారికీ ఉండే నమ్మకమే దాని విలువ. రాజు ఇచ్చిన బహుమానంలో దోషం ఉంటే నింద రాజుదే. పాఠకులే ఇచ్చే బహుమానంలో దోషం ఉంటే, దానిని దిద్దుకోవలసినవారు కూడా పాఠకులే.