కారుకు ఎత్తు, మగ్గానికి లోతు

వేటపాలెం అనగానే చదువరులకు 1918లో వెలసిన సారస్వత నికేతనం గ్రంథాలయం గుర్తొస్తుంది. భోజనప్రియులకు జీడిపప్పు గుర్తొస్తుంది. ఆడవాళ్ళకు చేనేత చీరలు గుర్తొస్తాయి. మోటారు కార్లు మాత్రం ఎవరికీ గుర్తురావు. అటువంటి ఊళ్ళో, అందులోనూ నేతగాళ్ళ వీధిలో, కారును ఆరడుగులు గాలిలోకి లేపి నిలబెట్టే లిఫ్టు కోసం ఒక షెడ్డు ప్లాను వేయించే పని ఈ ఏడాది నా నెత్తిన పడింది. నేను కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. పద్యంలో గురులఘువులు లెక్కపెట్టడం తెలుసుగాని, కాంక్రీటు మందం లెక్కపెట్టడం నాకేం తెలుసు? అయినా ఇంటికి పెద్దవాడన్నాక అన్నీ తెలిసే ఉంటాయని మా వాళ్ళ నమ్మకం.

అసలు సంగతి మా తమ్ముడిది. ఇరవై ఏళ్ళుగా పట్నంలో ఓ చిన్న షెడ్డులో కార్ల మరమ్మతు చేశాడు. చిన్న జాకీతో కారు కాస్త పైకెత్తి, కిందికి దూరి, వెల్లకిలా పడుకుని, కళ్ళలో మట్టి రాలుతుంటే బోల్టులు విప్పడమే ఇన్నేళ్ళూ వాడి బతుకు. చివరకు నడుం పట్టేసింది. ఇక కింద పడుకుని పని చేయవద్దని డాక్టరు ఖండితంగా చెప్పాడు. సొంత ఊళ్ళోనే రోజుకు ఒకటో రెండో కార్లు చూసుకుంటానని వాడు ఇంటికి వచ్చేశాడు.

“అన్నయ్యా, నాకు చేతనైన విద్య ఇదొక్కటే. కారు కిందికి ఇక నేను పోలేను. కారే నా నెత్తిమీదికి రావాలి” అన్నాడు.

వాడిలాంటి ఆలోచన నూరేళ్ళ కిందటే ఒకాయనకు వచ్చింది. అమెరికాలోని మెంఫిస్ నగరంలో పీటర్ లునాటి అనే మెకానిక్కు 1925లో హైడ్రాలిక్ కారు లిఫ్టును తయారుచేశాడు. క్షవరశాలలో కూర్చున్నప్పుడు మంగలి కుర్చీ పైకి లేవడం చూసి ఆయనకు ఆ ఊహ తట్టిందట. గడ్డం గీయడానికి మంగలి వంగనక్కరలేకుండా కుర్చీ లేస్తున్నప్పుడు, బోల్టు విప్పడానికి మెకానిక్కు మాత్రం నేలమీద ఎందుకు పొర్లాలి? న్యాయమైన ప్రశ్నే కదండీ!

“ఇంతోటి దానికి యంత్రం ఎందుకురా? లారీల వాళ్ళలాగా గొయ్యి తవ్వించుకో” అంది మా అమ్మ. ఖర్చు తక్కువ సలహాయే గాని, రెండు చిక్కులున్నాయి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. గోతిలోకి దిగి అక్కడే పేరుకుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. రెండోది మా ఊరి నేల. సముద్రం దగ్గర, ఇసుక నేల. వానాకాలం వస్తే రెండున్నర అడుగుల మగ్గం గుంటలోనే ఊట ఊరుతుంది. నిలబడి పనిచేసే అయిదడుగుల గొయ్యి తవ్వితే చేపలు పెంచుకోవలసిందే!

సరే, లోతుకు పోలేం గనక ఎత్తుకే పోవాలి. కాగితం తీసుకుని అన్నదమ్ములం లెక్క వేశాం. మనిషి నిటారుగా నిలబడి తల తగలకుండా పనిచెయ్యాలంటే కారు అడుగుభాగం 6 అడుగుల ఎత్తున ఉండాలి. దానిపైన చిన్న కారు ఒళ్ళు నాలుగున్నర అడుగులు, పెద్ద కారుదైతే అయిదున్నర. అక్కడికే పదకొండున్నర అయింది. పైన ఉండగా ముందు మూత ఎత్తవలసి వస్తే? వెనక డిక్కీ తలుపు పైకి తెరవవలసి వస్తే? రెండు స్తంభాల లిఫ్టుల్లో కొన్నిటికి ఆ స్తంభాలను పైన కలుపుతూ అడ్డకమ్మీ ఉంటుంది. దాని ఎత్తే 12 అడుగుల దాకా వస్తుంది. పదడుగుల స్లాబు కింద ఇవేవీ కుదరవు. దూలం అడుగుకు 14 అడుగులు వదలాలని తేల్చాం.

ఇక పొడవు, వెడల్పు. మన దేశంలో చిన్న కార్లు చాలావరకు 4 మీటర్లలోపే, అంటే సుమారు 13 అడుగులు. ముందూ వెనకా మనిషి తిరగాలి, పనిముట్ల బల్ల పట్టాలి. కాబట్టి పొడవు 24 అడుగులు. స్తంభాలకు అవతల కూడా మనిషి నడవాలి గనక వెడల్పు 14. స్తంభాల బోల్టులు దిగే గచ్చు పగుళ్ళు లేని గట్టి కాంక్రీటై ఉండాలి. తయారీదారులు మామూలుగా 4 నుంచి 6 అంగుళాల మందం అడుగుతారు. ఇసుక నేల గదా అని మా తమ్ముడు 8 అంగుళాలకు పట్టుబట్టాడు. ఆ విషయంలో నేను వాదించలేదు. రెండు టన్నుల బరువు కింద నిలబడేది వాడే.

ప్లాను చేతికొచ్చాక అసలు చిక్కు బయటపడింది. మా స్థలంలో ఇంత గది పట్టే చోటు, బండి తిరిగే సందు ఉన్న చోటు, పెరట్లో ఒకటే ఉంది. అక్కడ మగ్గాల గది ఉంది. మా నాన్నగారి కాలంలో అందులో రెండు గుంట మగ్గాలు ఆడేవి. ఇప్పుడు ఒకటే మిగిలింది. దానిమీద వీధిలోని బాబాయి ఒకాయన ముప్పై ఏళ్ళుగా నేస్తున్నాడు. అద్దె ఇచ్చిందీ లేదు, మేము అడిగిందీ లేదు. ఆయనుండే అద్దెయిల్లు రెండు మంచాలకే చాలదు, మగ్గానికెక్కడ?

సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆయనే అందుకున్నాడు. “తీసెయ్యండి నాయనా. తమ్ముడిది వయసున్న కుటుంబం. నాదేముంది, ఇంకెన్నాళ్ళు నేస్తాను?” అన్నాడు. చెయ్యి మాత్రం నాడె మీదే ఉంది. గుంట మగ్గమంటే పక్కకు జరుపుకునే మంచం కాదు. కొత్తచోట గుంట తవ్వాలి, గుంజలు పాతాలి, పడుగు మళ్ళీ సరిచెయ్యాలి. అరవై దాటిన మనిషి ఒకసారి మగ్గం విప్పితే మళ్ళీ వేస్తాడన్న ఆశ తక్కువ. పోనీ చిన్నచిన్న జాకీలతోనే కాలక్షేపం చెయ్యమందామంటే, తమ్ముడి నడుం ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఎవరికి సాయం చేసినా రెండోవాడి కూడు తీసినట్టే.

ఆ సాయంత్రం మా తమ్ముడు కొలతల టేపు పట్టుకుని మగ్గాల గదిలోకి వెళ్ళాడు. గుంట పక్కన కూర్చుని గోడల తేమ చూశాడు. వానల్లో ఏం చేస్తావని అడిగాడు. ఊట తోడి పోసుకుంటాననీ, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపానుకు గుంట నిండిపోయి, పడుగు చెమ్మగిల్లి, వారాల తరబడి పోగు వెయ్యలేకపోయాననీ బాబాయి చెప్పాడు. రోజంతా కాళ్ళు ఆ తేమలోనే ఉంటాయనీ, రాత్రిళ్ళు మోకాళ్ళు నిద్రపోనివ్వవనీ కూడా చెప్పాడు.

తమ్ముడు బయటికొచ్చి, “నేను కారు కింద పడుకోవడం, ఆయన ఊటలో కాళ్ళు పెట్టి కూర్చోవడం ఒకటే అన్నయ్యా. నాకు పైకి లేవాలని ఉన్నట్టే ఆయనకూ ఉండదూ? ఆ గది జోలికి పోవద్దు” అన్నాడు.

జోలికి పోకపోతే షెడ్డు ఎక్కడ? వీధివైపు ఖాళీ జాగా, దానికి ఆనుకుని నా పుస్తకాల గది ఉన్నాయి. రెండూ కలిపితే 14కు 24 సరిగ్గా సరిపోతుంది. ఆ గది పడగొట్టాలనగానే నా గుండె గుభేలుమంది సుమండీ! ఎమ్మేకు చదివింది అందులోనే, పరీక్ష పేపర్లు దిద్దేది అందులోనే. కాని పుస్తకాలు ఎక్కడున్నా చదువుకోవచ్చు. మగ్గాన్నీ, కారునూ అలా చంకన పెట్టుకుని తిరగలేం గదా. సరేనన్నాను.

మగ్గాల గదికి కూడా ఈ ప్లానులోనే చోటిచ్చాం. మేస్త్రీ సలహా మీద నేలను రెండడుగులు మెరక చేసి, గుంట చుట్టూ ఇటుక, సిమెంటుతో కడతారు. అప్పుడు గుంట అడుగు దాదాపు ఇప్పటి నేలమట్టానికి వస్తుంది. నేల లేచినంతా కప్పూ లేవాలి. అందుకని ఆ ఖర్చు కూడా చేర్చాం. మగ్గం కొన్నాళ్ళు విప్పక తప్పదు గాని, విప్పిన చోటే మళ్ళీ వేసుకోవచ్చు. బాబాయి ఒప్పుకున్నాడు. మెట్లు మాత్రం పొట్టిగా కట్టించమన్నాడు.

ఇలాంటి ఆలోచన ఉన్నవాళ్ళకు రెండు మాటలు. గోడలు లేపాక లిఫ్టు కోసం వెతక్కండి. ముందు లిఫ్టు ఎంచుకుని, తయారీదారు ఇచ్చే కొలతల కాగితం మేస్త్రీ చేతిలో పెట్టండి. పెద్ద లిఫ్టులకు చాలావాటికి త్రీఫేజు కరెంటు కావాలి. ఇంట్లో ఉండేది సింగిల్ ఫేజయితే దానికి నడిచే రకమే అడగండి. షట్టరు చుట్ట ఎంత ఎత్తు తింటుందో చూసుకోండి. అన్నిటికంటే ముఖ్యం, కారును ఎత్తాక ఇనుప లాకుల మీదికి దించి, అది కూర్చుందని రూఢి చేసుకున్నాకే మనిషి కిందికి పోవాలి. నూనె ఒత్తిడి ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

వేసవిలో పని మొదలవుతుంది. ఈలోగా నా పుస్తకాలు పడకగదిలోకీ, వంటింటి అటక మీదికీ చేరుతున్నాయి. “కారుకు లిఫ్టు, మగ్గానికి మెరక సరే. నా వంటింటి గట్టుకు పొయ్యి దగ్గర నాలుగంగుళాల ఎత్తు తక్కువైందని పదేళ్ళుగా మొత్తుకుంటున్నాను” అంది మా ఆవిడ. మేస్త్రీని పిలిచి ఆ నాలుగంగుళాలూ కూడా ప్లానులో రాయించాను.